తక్కువ తన్నే రైఫిల్ ఏది బాబాయ్?

ప్రశ్న: మిలటరీ బాబాయ్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దగ్గర పల్లెటూరు. నేను, మా ఆవిడ ఇప్పుడు టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటున్నాం. నాది హెచ్-1బి వీసా, తనది హెచ్-4. మా ఆఫీసులో ఒకాయనకు హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలో పొలం ఉంది. ఈ నవంబరులో జింక వేటకు ఇద్దరినీ రమ్మన్నాడు, వీలైతే అడవిపందులు కూడా అన్నాడు. మొన్న తుపాకి కాల్చే రేంజ్‌కి తీసుకెళ్లి తన .30-06 రైఫిల్ మా చేతికిచ్చాడు. నా భుజం కమిలిపోయింది. మా ఆవిడ ఐదడుగుల మనిషి, యాభై కిలోలు ఉండదు. రెండు రౌండ్లకే కళ్లలో నీళ్లు తిరిగాయి, మూడోది కాల్చనంది. షాపులో 6.5 క్రీడ్‌మోర్ తీసుకోమంటున్నారు. ఒక ఫ్రెండ్ .243 అంటాడు. ఇంకొకడు .308 కొని దాని బారెల్ మొనకు తన్ను తగ్గించే మజిల్ బ్రేక్ పెట్టించుకోమంటాడు. ఇద్దరం ఒకే రైఫిల్ వాడుకోవాలి, రెండు కొనే ఉద్దేశం లేదు. ఏది కొనమంటారు? ఇంకోమాట. ఊళ్లో మా మొక్కజొన్న చేలో పందులు పడుతున్నాయి, అలాంటి తుపాకి ఒకటి ఇక్కడికి తేగలవా అని నాన్న అడుగుతున్నారు.

జవాబు: బాబూ, ఇద్దరికీ కలిపి ఒకటే అంటే .243 విన్చెస్టర్ తూటా కాల్చే రైఫిల్ తీసుకో. ఎందుకో చెబుతాను. దానికంటే ముందు నీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన సంగతి ఒకటుంది. మొన్న రేంజ్‌కి వెళ్లేనాటికి మీ ఇద్దరి దగ్గరా హంటింగ్ లైసెన్స్ ఉందా? ఆ ఊసే ఎత్తలేదు నువ్వు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, విజిటర్ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. మీలాంటివాళ్లకు పనికొచ్చేది ఒకటే. అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండాలి. ఎవరి లైసెన్స్ వాళ్లదే, నీది చూపించి కోడలు కాల్చడానికి లేదు. తుపాకి మనది కాదు కదా, కాసేపే కదా అంటే కుదరదు. చేతిలోకి తీసుకుంటే దగ్గర ఉన్నట్టే లెక్క. షాపులో కొనేటప్పుడు ఫారంలో ఈ వివరం రాయాలి, లైసెన్స్ చూపించాలి.

ఇందులో మనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో, యజమాని ఒప్పుకుంటే, అడవిపందుల్ని కొట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. పొలం ఆయన ఆ మాటే చెబుతాడు, ఆయన మటుకు ఆయన చెప్పింది నిజమే. కానీ అది రాష్ట్రం రూలు. నీ చేతిలో తుపాకి ఉండొచ్చా లేదా అన్నది ఫెడరల్ రూలు. దానికి పందయినా జింకయినా ఒకటే, లైసెన్స్ కావాల్సిందే. టెక్సాస్ లైసెన్స్ గడువు ఆగస్టు 31తో అయిపోతుంది. రైఫిల్ బీరువాలో ఉన్నన్నాళ్లూ ఏటా తీసుకుంటూనే ఉండాలి, వేటకు వెళ్లినా వెళ్లకపోయినా. ఇంకోటి, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. అది ముందు పూర్తి చేసుకోండి. మొన్నటి రేంజ్ సంగతి మాత్రం మీ ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడు. టెన్షన్ పెట్టాలని కాదు, గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాళ్లు ఇలాంటివి తేలిగ్గా తీసుకోకూడదు. మా అబ్బాయి దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లినప్పుడు నేనూ లైసెన్స్ కొన్నాకే రైఫిల్ ముట్టుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆర్మీలో తుపాకి మోసినవాణ్ణని చెబితే కౌంటర్లో పిల్ల నవ్వి ఊరుకుంది.

ఇక తన్నుడు సంగతి. గుండు బరువు, దాని వేగం, దాని వెనక కాలే మందు బరువు, ఈ మూడూ కలిసి రైఫిల్‌ని వెనక్కి తోస్తాయి. దాన్ని అడ్డుకునేది రైఫిల్ సొంత బరువు. అమెరికాలో ఈ కిక్‌ని ఫుట్-పౌండ్లలో చెబుతారు. స్కోపుతో కలిపి 3.6 కిలోల రైఫిల్ అనుకుని లెక్కేస్తే, మీరు కాల్చిన .30-06 దాదాపు 20 ఫుట్-పౌండ్లు తన్నుతుంది. .308 అయితే 15, 16 దగ్గర. 7ఎంఎం-08 రెమింగ్టన్ 13, 6.5 క్రీడ్‌మోర్ 12, .243 తొమ్మిది. గుండును బట్టి ఒకటి రెండు అటూ ఇటూ అవుతాయి గానీ వరుస మారదు. కోడలి కళ్లలో నీళ్లు తెప్పించినదానిలో .243ది సగం కూడా లేదన్నమాట.

షాపులో నీకు చెప్పనిది ఇంకోటుంది. చిన్న మనిషి కదా, మొయ్యలేదు కదా అని అమ్మాయిల చేతికి తేలికపాటి రైఫిల్ పెడతారు. బరువు తగ్గిన కొద్దీ తన్ను పెరుగుతుంది. అదే .243ని స్కోపుతో కలిపి మూడు కిలోల రైఫిల్‌లో కాలిస్తే తొమ్మిది కాస్తా పదకొండు అవుతుంది. 6.5 క్రీడ్‌మోర్‌ని నాలుగు కిలోల పైచిలుకు రైఫిల్‌లో కాల్చినా అదే పదకొండు. అంటే తూటా పేరు చూసి మురిసిపోయి, తుపాకి బరువు చూడకపోతే పెట్టిన డబ్బుకు ఫలితం ఉండదు. మీరు కొండలెక్కి జింకల వెంట పడేది లేదు. హిల్ కంట్రీలో చాలావరకు మంచె లాంటి చెక్కగది ఒకటి ఉంటుంది, దాన్ని బ్లైండ్ అంటారు. అందులో కూర్చుని, ఎదురుగా వంద గజాల దూరంలో మేత డబ్బా దగ్గరకు వచ్చే జింక కోసం చూడటమే. బండి దిగి నాలుగడుగులు నడిచేవాళ్లకు తేలిక రైఫిల్ ఎందుకు? స్కోపు, పట్టీ అన్నీ కలిపి మూడున్నర కిలోలకు తగ్గకుండా చూసుకో.

రైఫిల్ మనిషికి సరిపోవాలి కూడా. ఆయనేమో అమెరికా మనిషి, ఆరడుగులుంటాడు, ఆయన రైఫిల్ కోడలు పట్టుకోవడం అంటే పక్కవాడి చెప్పులేసుకుని పరుగు పందెంలో దిగినట్టే. బట్, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, పొడుగైతే అది భుజం గుంటలో కూర్చోదు, జారి దండచెయ్యి మీదికో, గూడ ఎముక మీదికో వస్తుంది. అప్పుడు తొమ్మిది ఫుట్-పౌండ్లు కూడా ఇరవైలా ఉంటుంది. నీ భుజం ఎక్కడ కమిలిందో అద్దంలో చూసుకో. చెయ్యి మొదట్లో, కండ మీద కమిలి ఉంటే తప్పు తూటా ఒక్కదానిదే కాదు. షాపులో ఇలా చూడు: కోడలు మోచెయ్యి తొంభై డిగ్రీలకు మడిచి, బట్ వెనక భాగం మోచేతి లోపలి వంపుకి ఆనించాలి. అప్పుడు చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. వేలు సాగదీస్తే గానీ అందకపోతే ఆ రైఫిల్ వద్దు. మామూలు రైఫిళ్లకి ఈ పొడవు పదమూడున్నర అంగుళాల దగ్గర ఉంటుంది, ఆమె ఎత్తుకి పన్నెండున్నర చాలు. చాలా కంపెనీలు కాంపాక్ట్, యూత్ అని పొట్టి బట్‌తో అమ్ముతాయి. కొన్నిటికి బట్ వెనక ముక్కలు పెట్టి తీసి పొడవు మార్చుకోవచ్చు, అదైతే మీ ఇద్దరికీ నప్పుతుంది. పొట్టి బట్‌తో నువ్వు సర్దుకోగలవు. పొడుగు బట్‌తో ఆమె సర్దుకోలేదు. స్కోపు కంటికి మూడు, మూడున్నర అంగుళాలు దూరంగా ఉండాలి, లేదంటే కనుబొమ్మ చీరుతుంది.

బెదురు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫైరింగ్ రేంజ్‌లో రంగరూట్లకు నేర్పేటప్పుడు నా కళ్లు టార్గెట్ మీద ఉండేవి కావు, కుర్రాడి మొహం మీద ఉండేవి. మందు పేలకముందే కన్ను గట్టిగా మూసుకుంటుంది, ఎడమ భుజం ముందుకు దూకుతుంది, బారెల్ మొన కిందికి వంగుతుంది. గుండు టార్గెట్ కింద మట్టిలో పడుతుంది. వాడేమో సైట్ బాగోలేదంటాడు. వాడికి తెలియకుండా మేగజైన్‌లో మంచి రౌండ్ల మధ్య ఒక డమ్మీ పెట్టేవాణ్ణి. ట్రిగ్గర్ నొక్కుతాడు, "టక్" మంటుంది, ఏదీ పేలదు. కానీ బారెల్ జానెడు కిందికి దిగిపోయి ఉంటుంది. అప్పుడు వాడే సిగ్గుపడి నవ్వుతాడు. ఇంక పాఠం చెప్పక్కర్లేదు.

కోడలికి ఆ రెండు రౌండ్లతోనే ఈ బెదురు పట్టుకుని ఉంటుంది. అది పోవాలంటే వెంటనే .243 చేతికివ్వొద్దు. ముందు ఒక .22 రైఫిల్ దొరుకుతుందేమో చూడు, అది తన్నదు. వారం రెండు వారాలు దానితోనే కాల్చనివ్వు. ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో, తూటాలు ఇంకో గదిలో పెట్టి, స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటా వేసుకుని ట్రిగ్గర్ నొక్కడం ప్రాక్టీస్ చెయ్యమను. ఆ తర్వాత .243. రేంజ్‌కి వెళ్లిన రోజు పది, పదిహేను రౌండ్లు మించొద్దు. బాగా వస్తోంది కదా ఇంకో డబ్బా కాల్చు అని ఆశపెట్టకు, అలిసిన భుజం మళ్లీ బెదురు నేర్చుకుంటుంది. బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని కాల్చే పని నువ్వు చెయ్యి, స్కోపు జీరో చేసేది, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా సరిచేసేది, నువ్వే కావాలి. బల్ల మీదకి ఒరిగి కాలిస్తే ఒళ్లు వెనక్కి కదలదు, దెబ్బంతా భుజమే తింటుంది. ఆమె కూర్చునో నిలబడో, కర్రల ఆసరా మీద రైఫిల్ పెట్టి కాలిస్తే అదే తూటా ఎంతో మెత్తగా ఉంటుంది.

చప్పుడు కూడా తక్కువది కాదు. కొత్తవాళ్లు తన్నుకి భయపడ్డామనుకుంటారు గానీ సగం భయం చప్పుడుదే. రైఫిల్ పేలుడు 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, ఒక్కసారికే చెవి దెబ్బతినడానికి 140 చాలు. చెవిలో ప్లగ్గులు పెట్టి వాటిమీద చెవులు కప్పే మఫ్స్ పెట్టండి, రెండూ. మీ ఫ్రెండ్ చెప్పిన మజిల్ బ్రేక్‌తో నాకు పేచీ ఇక్కడే. అది తన్నుని బాగానే తగ్గిస్తుంది, మూడో వంతు పైనే పోతుంది. కానీ గ్యాసుని పక్కలకు, వెనక్కి మళ్లిస్తుంది, కాల్చేవాడి చెవికి, పక్కనున్నవాడి చెవికి చప్పుడు ఇంకా పెరుగుతుంది. చెక్కగదిలో కూర్చుని బ్రేక్ ఉన్న .308 కాల్చడం అంటే పక్కన ఉన్న నీకు శిక్ష. జింకను చూసిన తొందరలో మఫ్స్ మర్చిపోయారో, ఇక చెప్పక్కర్లేదు. ఆ ఉపాయం వద్దు.

.243 చాలుతుందా అన్నది నీ అసలు అనుమానం అయి ఉంటుంది. 1955లో వచ్చిన తూటా అది, .308 కేసు, అంటే మందు నింపే ఇత్తడి గొట్టం, మూతిని సన్నం చేసి 6 మిల్లీమీటర్ల గుండు పెట్టారు. అమెరికాలో ఎన్నో తరాల పిల్లలు మొదటి జింకను దీనితోనే కొట్టారు. 100 గ్రెయిన్ల గుండు, అంటే ఆరున్నర గ్రాములు, సెకనుకు 2,950 అడుగుల దగ్గర బయల్దేరుతుంది. వంద గజాల దగ్గర కూడా దానికి 1,600 ఫుట్-పౌండ్ల శక్తి ఉంటుంది. జింకకు గుండు కనీసం .24 అంగుళం ఉండాలి, వంద గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలి అని కొలరాడో రాష్ట్రం రూలు పెట్టుకుంది. దాన్ని కూడా ఇది సులువుగా దాటుతుంది. పైగా మీ హిల్ కంట్రీ తెల్లతోక జింకలు ఉత్తరాది రాష్ట్రాల వాటికంటే చిన్నవి.

జాగ్రత్త పడాల్సింది గుండు రకంలో. .243కి 55 నుంచి 75 గ్రెయిన్ల తేలిక గుళ్లు కూడా అమ్ముతారు, డబ్బా మీద వార్మింట్ అని ఉంటుంది. అవి నక్కజాతి చిన్న జంతువుల కోసం, తగలగానే పైపైన చిట్లిపోతాయి. జింకకు తగిలితే భుజం మీద పెద్ద గాయం చేసి లోపలికి దిగవు, జంతువు నరకయాతన పడుతూ పారిపోతుంది. .243తో జింక పడలేదని చెప్పే కథలు చాలావరకు ఇలాంటి డబ్బాల నుంచి, లేదంటే దూరం ఎక్కువై పొట్టలో తగిలిన గుళ్ల నుంచి పుట్టినవే. డబ్బా మీద జింక బొమ్మ, 95 నుంచి 100 గ్రెయిన్లు, అది చూసి కొను. పందుల కోసం అయితే పూర్తిగా రాగితో చేసిన 80, 85 గ్రెయిన్ల గుండు తీసుకో. తేలికైనా చిట్లదు, లోతుకి పోతుంది. ముదిరిన మగపందికి భుజం మీద చర్మం కింద గట్టి పలక లాంటిది ఉంటుంది, దాని గుండెకాయ కూడా జింకకన్నా ముందుకు, కిందికి ఉంటుంది. అలాంటి ముదురు పంది వస్తే పొలం ఆయన .30-06కి వదిలెయ్యండి, మీరు పెంటిపందులు, గున్నలు చూసుకోండి.

జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెనక అంచు పట్టుకుని చూపు పైకి తేవాలి, ఛాతీ కింది గీత నుంచి మూడో వంతు ఎత్తులో ఆపాలి. అక్కడ ఊపిరితిత్తులు, గుండె కలిపి ఎనిమిది అంగుళాల వలయం అనుకో. నవంబరు లోపల కోడలు ఆ సైజు కాగితం పళ్లేన్ని వంద గజాల దగ్గర, కర్రల మీద నుంచి, కళ్లు తెరిచి వరసగా కొట్టగలిగితే వేటకు తీసుకెళ్లు. యాభై గజాలకే కొట్టగలిగితే యాభై గజాలకే కూర్చోబెట్టు. నీకూ అదే రూలు, మొగుడివని మినహాయింపు లేదు.

షాపువాళ్ల 6.5 క్రీడ్‌మోర్ మంచిది కాదని నేననను. 2007లో హోర్నడీ కంపెనీ తెచ్చింది, 140 గ్రెయిన్ల గుండు, గాలికి తొందరగా పక్కకు పోదు, మూడు నాలుగు వందల గజాల దూరం కాల్చేవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. వంద గజాల మేత డబ్బా దగ్గర ఆ గొప్ప ఏదీ కనపడదు, కనపడేది ఆ మూడు ఫుట్-పౌండ్ల తేడానే. నువ్వొక్కడివే అయితే, పందులే ముఖ్యమైతే, నేను 7ఎంఎం-08 చెప్పేవాణ్ణి. మన దేశంలో జిమ్ కార్బెట్ చేతిలో ఉన్న .275 రిగ్బీ తూటా, జర్మన్ల పాత 7×57 మౌజర్, ఈ 7ఎంఎం-08, అన్నీ ఒకే మందం గుండు, దాదాపు ఒకే బలం. చంపావత్ పులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమతిగా ఇచ్చింది అంత తేలికపాటి రైఫిలే. 7ఎంఎం-08కి తక్కువ మందుతో 120 గ్రెయిన్ల మెత్తని తూటాలు కూడా దొరుకుతాయి. కోడలికి .243 అలవాటయ్యాక, ఇంకో రెండేళ్లకి, అది ఆలోచించుకోండి. .223 టెక్సాస్‌లో జింకకు చెల్లుతుంది గానీ కొత్తవాళ్లకు నేను చెప్పను, తప్పుకి చోటివ్వదు. ఒహాయో, అయోవా లాంటి చోటికి ఉద్యోగం మారితే .243 జింకకు చెల్లకపోవచ్చు, అక్కడ రైఫిల్‌కి చాలావరకు మూతి సన్నం చెయ్యని, తిన్నని కేసు తూటాలే ఒప్పుకుంటారు, .350 లెజెండ్ లాంటివి. వెళ్లేముందు ఆ రాష్ట్రం రూల్స్ చదువుకో.

నాన్నగారి సంగతి. సూట్‌కేసులో వేసుకుని అలా తుపాకి తేవడానికి లేదు, తూటా ఒక్కటి బ్యాగులో మిగిలిపోయినా ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతో ఇండియా ప్రయాణం పెట్టుకోకు. ఇక్కడ తుపాకికి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి. లైసెన్స్ ఉన్నా పందిని కొట్టడానికి అది చాలదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషేధం. పంటకు, మనుషులకు ప్రమాదమైన జంతువు విషయంలో అటవీ అధికారి కారణాలు రాసి, రాతపూర్వకంగా ఇచ్చే అనుమతి ఒక్కటే దారి. అందుకని చేను పాడైన రోజునే ఫొటోలు తీసి, సర్వే నంబరుతో సహా అర్జీ రాసి, అటవీ రేంజ్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోమను. వ్యవసాయ శాఖ వాళ్లకి కూడా ఒక కాపీ ఇస్తే పంట నష్టం నమోదవుతుంది. ఎవరో చెప్పారని చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగనివ్వకు. పంది కోసం పెట్టిన తీగకు తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క చేనాయన తగులుకుంటే కేసు నాన్నగారి మీదే. సోలార్ కంచె వేరు, అది క్షణంపాటు షాకిచ్చి వదిలేస్తుంది, చంపదు. పందికి కాబట్టి మొదటి తీగ నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, కింద గడ్డి ఎదిగి తీగకు తగలకుండా వారం వారం కొట్టించాలి. ఎకరాలు ఎన్నో కనుక్కుని, దానికయ్యే డబ్బు నువ్వు పంపించు.